కాపడంతో అలసట పోతుందా?



గత సంచికలో కండరాల నొప్పులపై వచ్చిన వ్యాసం చదివాను. కాపడం పెడితే పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కరిగి అలసట తీరుతుందన్నారు. ఆ ఆమ్లం శ్రమ ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో మామూలు స్థాయికి దిగిపోతుంది. ఏళ్ల తరబడి ఉండే నొప్పిని దాని మీదికి నెడితే ఎలా? నాది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా ఏళ్ల తరబడి నొప్పి, అలసట ఉండే జబ్బు. దాన్ని గుర్తించడానికి 1990లో అమెరికా కీళ్లవైద్యుల సంఘం ఒంటిమీద 18 చోట్ల నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి ఉందేమో చూడమంది. 2010లో అలసటనూ, నిద్ర లేచినా తీరని బడలికనూ లెక్కలోకి తెచ్చింది.

అలాగని కాపడాన్ని తీసిపారేయను. వావిలాకు మరిగించిన నీళ్లు పోసుకుంటే బిగుసుకున్న మెడ వదులవుతుంది. ఓ గంట హాయి. ఆ హాయిలో దుప్పట్లన్నీ ఉతికేసి మర్నాడు మంచమెక్కిందీ నేనే! నాకు అలసట కొంతైనా తగ్గింది రోజూ కాస్త కాస్త పెంచుకున్న నడకతో.

వ్యాసంలో రావలసిన మాట ఇంకొకటుంది. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు. మా అత్తగారికి ఉప్పుమూట కాపడంతో అరికాలు బొబ్బలెక్కింది. ఆవిడ చూసుకున్నది మర్నాడు పొద్దున.

– ఒక పాఠకురాలు, ఏలూరు