సంతకం ఎవరిది?

నూజివీడు చిన్నరసం తింటూ తోట ఎవరిదని అడుగుతాంగానీ, అంటు ఎవరు కట్టారని అడగం. విశ్వవిద్యాలయ వైద్య పరిశోధనా సంస్థల్లోనూ అంతే. వ్యాసం మీద ప్రొఫెసరుగారి పేరుంటుంది. రోగి పక్కన కూర్చుని "ఇష్టం లేకపోతే మానేయొచ్చమ్మా" అని విడమరచి చెప్పిన నర్సు పేరుండదు.

ఆ మాట విలువేమిటో మన పక్క ఖమ్మం జిల్లా చెప్పింది. 2009లో అక్కడ గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు.

పరిశోధనకు ప్రొఫెసరు బాధ్యుడు, నైతిక సంఘం కాపలా. కాదనను. కానీ తెలుగులో అడిగి, జవాబు వినే మనిషి లేకపోతే అదంతా ఉత్త కాగితమే!

మిత్రులారా, రేపు మనలో కొందరు ఆ కుర్చీలెక్కుతారు. ఆ నర్సమ్మనూ ఆచార్యుల వరుసలోనే కూర్చోబెట్టండి.