రంగేసిన డయల్‌కు 'వింటేజ్' అని పేరా?

మా ఆమడగూరు కుర్రోళ్ల ఫోన్లలో ఈ మధ్య కొత్త షౌక్ ఒకటి కనిపిస్తోంది. పాత ఘడీలు. హెచ్‌ఎంటీ జనతా, పైలట్, కాంచన్, సీకో ఫైవ్, ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్. కదిరిలో చదివేవాడు, బెంగళూరులో పని చేసేవాడు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, అందరూ ఆన్‌లైన్‌లో వీటినే చూస్తున్నారు, కొంటున్నారు. ఆ షౌక్ మీద నాకు ఏ ఏతరాజూ లేదు. దాదా కట్టిన లాంటి ఘడీ మనవడు కట్టుకోవాలనుకోవడం మంచి సంగతే. నా జగడమంతా అమ్మేవాళ్లతో. పాత డయల్ గీకేసి, కొత్త రంగు పూసి, ఆ సంగతి దాచి 'ఒరిజినల్ వింటేజ్' అని అమ్మడం ధోకా. దానికి బిజినెస్ అని ఇంకో పేరు పెట్టడానికి వీల్లేదు. ఆ ధోకాకు దాణా వేసి పెంచుతున్నది 'పాత ఘడీ కొంటే ఇన్వెస్ట్‌మెంట్' అనే ఇంకో అబద్ధం. ఈ రెండింటి సంగతీ మన ఇళ్లలో మాట్లాడుకోవాలి.

ఈ ఘడీ మన ఇళ్లకు ఎట్ల వచ్చిందో ముందు యాద్ చేసుకుందాం. హిందుస్తాన్ మెషిన్ టూల్స్ 1953లో బెంగళూరులో మొదలైంది. 1961లో జపాన్‌కు చెందిన సిటిజెన్ కంపెనీ సాయంతో అక్కడే చేతి గడియారాల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా వచ్చాయి. అంతకు ముందు చేతికి ఘడీ అంటే విలాయతీ మాల్, సాహెబుల సొమ్ము. జనతా వచ్చాక స్కూలు మాస్టరు, బస్సు కండక్టరు, రైల్వే గ్యాంగ్‌మన్ చేతికి కూడా ఘడీ వచ్చింది. హిందూపురం నుంచి బెంగళూరైనా తుమకూరైనా ఎంత దూరం? ఈ ఘడీ మనకు పొరుగూరి సరుకు.

ఇంకో దారిలో కూడా వచ్చింది. దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ జమానాలో రాయలసీమ పెళ్లిళ్లలో వాచీ, సైకిలు, రేడియో అనేది పెళ్లికొడుకు లిస్టు. మన నికాలు దానికి మినహాయింపేమీ కాదు. జోడా అన్నాం, సలామీ అన్నాం, పేరు మార్చి తీసుకున్నాం. కాంచన్ ఘడీ కావాలని దుల్హా మొహం ముడుచుకుంటే, దొరకని సరుకును బ్లాక్‌లో ఎక్కువకు కొని తెచ్చిన ససుర్‌లు ఉన్నారు. ఇప్పుడు ఆ ఘడీ ఫొటో కింద 'స్వర్ణయుగం గుర్తు' అని రాసి అమ్ముతున్నారు. స్వర్ణయుగం ఎవరికి? ఆ బంగారు రంగు వెనక ఒక ఆడపిల్ల బాప్ చేసిన కర్జా కూడా ఉంది. పాత జమానా మీద ప్రేమ ఉండొచ్చు. అది మన కళ్లకు పట్టీ కట్టకూడదు. కళ్లకు పట్టీ ఉన్నవాడికే రంగేసిన డయల్ అమ్మడం ఆసాన్.

క్వార్ట్జ్ ఘడీలు వచ్చాక, 1984లో టైటాన్ కంపెనీ పుట్టాక, చావీ ఇచ్చే ఘడీకి గిరాకీ పడిపోతూ వచ్చింది. 2014లో హెచ్‌ఎంటీ వాచీల మూత వార్త రాగానే జనం ఎగబడి కొన్నారు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం మూతకు మంజూరు ఇచ్చింది. తుమకూరు ఫ్యాక్టరీ జాగా ఇస్రోకు పోయింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయంటే ఆ కాలపు డయల్ మళ్లీ రాదు, ఆ కాలపు పుర్జా మళ్లీ రాదు. ఉన్న ఘడీలు అరుగుతూ, చెమ్మ పట్టి మచ్చలు పడుతూ తగ్గిపోతుంటాయి. అట్లాంటప్పుడు ఆన్‌లైన్‌లో మాత్రం తళతళలాడే 1970ల నాటి ఘడీలు రోజుకింత పుట్టుకొస్తున్నాయంటే, అవి ఎక్కడివని అడగొద్దా?

అవి మన ఇళ్లలోవే. పాత సామాన్ల వాడు వీధిలోకి వస్తే, నడవని ఘడీని ప్లాస్టిక్ బకెట్‌కో, ఉల్లిగడ్డలకో ఇచ్చేస్తాం. అట్లాంటివన్నీ మూటలుగా పెద్ద నగరాలకు చేరతాయి. అక్కడ డయల్ గీకి రంగు వేస్తారు. కేసును బఫింగ్ మీద పెట్టి అంచులు పోయేదాకా మెరిపిస్తారు. మూడు చచ్చిన ఘడీల పుర్జాలు కలిపి ఒకదాన్ని బతికిస్తారు. ప్రపంచమంతటా ఘడీలు సేకరించేవాళ్లు ఈ మాల్‌ను 'ముంబయి స్పెషల్' అని వెక్కిరిస్తారు. పొట్ట కోసం రంగేసే కారీగర్‌తో నాకు జగడం లేదు. అంత సన్నటి గీత చేతితో గీయడం కూడా హునరే. పాడైన మొహానికి రంగేశామని చెప్పి, ఆ ధరకే అమ్మితే ఎవరికీ నష్టం లేదు. చెప్పకపోవడమే గునా.

నా భాంజా బెంగళూరులో ఉంటాడు. పోయిన రంజాన్‌కు ముందు 'రేర్ ఉర్దూ డయల్ జనతా ఆటోమేటిక్' అని చూసి 4,200 రూపాయలకు తెప్పించుకున్నాడు. ఈద్‌కు వచ్చినప్పుడు "మామూ, మన జబాన్‌లో ఉంది చూడు" అని నా చేతిలో పెట్టాడు. నేను ఉర్దూ మీడియంలో చదివినోణ్ని. 4, 6, 7 అంకెలు ఉర్దూలో ఒక తీరుగా రాస్తాం, అరబీలో ఇంకో తీరుగా ఉంటాయి. ఆ డయల్ మీద ఉన్నవి అరబీ అంకెలు. పైగా జనతా అనేది చావీ ఇచ్చి నడిపే ఘడీ. దానికి ఆటోమేటిక్ ఎక్కడిది? హిందూపురంలో నాకు తెలిసిన బుజుర్గ్ ఘడీసాజ్ ఒకాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మూత తీసి కంటికి అద్దం పెట్టుకున్నాడు. మెషిన్ మీద 0231 అని ఉంది, అది హెచ్‌ఎంటీ మెషినే. డయల్ కాళ్లు విరిగితే గమ్‌తో అంటించారు. "మెషిన్ అస్లీ, మొహం నక్లీ, బేటా" అన్నాడు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "పాత వస్తువుకు వాపస్ లేదు" అని చెప్పి నంబర్ బ్లాక్ చేశాడు.

పాత వస్తువుకు వాపస్ లేదట! ఈ మాట చెప్పేవాళ్లలో మన పేర్లున్న వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మన ఫిఖాలో ఏముంది? కళ్లతో చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనుకునే హక్కు ఉందని హనఫీ ఆలిమ్‌లు చెబుతారు. దాని పేరు ఖియార్-ఎ-రూయత్. దాచిన ఐబ్ బయటపడితే సౌదా తిప్పికొట్టే హక్కు ఖియార్-ఎ-ఐబ్. ఇంటర్నెట్ పుట్టకముందు వందల ఏళ్ల నాడే ఇవన్నీ రాసి పెట్టారు. హుజూర్ (స) బజారులో ధాన్యం కుప్పలో చేయి పెట్టి, లోపల దాచిన తడిని పట్టుకున్న సంగతి మన పిల్లలకు చిన్నప్పుడే చెబుతాం. పైన ఎండు గింజ, లోపల తడి గింజ. పైన కొత్త రంగు, లోపల గమ్. తేడా ఏముంది?

దీన్ సంగతి అటుంచండి, మన ధర్మవరం సంగతి చూడండి. పట్టుచీర కొనేటప్పుడు మన అమ్మీలు, ఖాలాలు ఏం చేస్తారు? తిరగేసి చూస్తారు. జరీ గోటితో గీకుతారు. మరమగ్గం చీరను చేనేత అని అమ్మితే దుకాణదారు ఇజ్జత్ బజారులో పెడతారు. అదే ఇంట్లో కొడుకు ఒక్క ఫొటో చూసి వేల రూపాయలు పంపిస్తాడు. చీరకు ఉన్న తెలివి ఘడీకి ఎందుకు లేదు? ఘడీని కూడా తిరగేసి చూడాలి. దాని అస్లియత్ వెనక మూత కింద ఉంటుంది.

ఇక 'ఇన్వెస్ట్‌మెంట్' అబద్ధం. 2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టిన రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అమ్మేవాళ్లు ఈ కథ చెప్పి మన పిల్లలను ఊరిస్తారు. ఆ ధర ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పరు. అది ఎవరి చేతి ఘడీయో నిరూపించే రుజువులు ఉన్నాయి, వెనక ఆయన భార్య చెక్కించిన మాటలు ఉన్నాయి, డయల్ ఎవరూ ముట్టుకోనిది. రుజువుకే ఆ ధర పలికింది. రంగేసిన డయల్ అంటే రుజువును గీకి పారేసినట్టే. పైగా నిజమైన రోలెక్స్‌లు, పటెక్‌లకు కూడా 2022 మొదట్లో ఆకాశానికి పోయిన సెకండ్ హ్యాండ్ ధరలు ఆ తర్వాత దిగొచ్చాయి. లక్షలున్నవాళ్లే దెబ్బ తిన్న చోట, బహెన్ నికాకు దాచిన పైసలు, కువైట్‌లో ఎండలో సంపాదించిన పైసలు పెట్టమని ఎట్ల చెబుతారు? లక్షల్లో ఉన్న ఘడీలను రేపు కొనేదెవరు? జవాబు లేని సౌదా అది.

మరి పాత ఘడీ కొనొద్దా? కొనొచ్చు. ఫాయిదా ఉంది, అది వేరే రకం. బ్యాటరీ అక్కర్లేదు, పొద్దున ఫజర్ తర్వాత చావీ ఇస్తే రోజంతా నడుస్తుంది. పాడైతే పారేయనక్కర్లేదు, బాగు చేయొచ్చు. ఆ బాగు చేసే పని మన బస్టాండుల పక్కన చిన్న అద్దాల పెట్టెలో కూర్చున్న ఘడీసాజ్‌కు రోజ్‌గార్ ఇస్తుంది. సెల్‌ఫోన్ వచ్చి ఆయన నోటికాడి రొట్టె లాక్కుంది. ఈ షౌక్ అందులో సగమైనా తిరిగి ఇవ్వగలదు. ఆన్‌లైన్‌కు కూడా దాని మేలు దానికుంది. ఆమడగూరులో కూర్చుని దేశంలో ఏ మూల ఏ ఘడీ ఉందో చూడొచ్చు. మెషిన్ ఫొటో పెట్టి, ఐబ్ అంతా రాసి అమ్మే ఇమాన్‌దార్ మనుషులు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లను వెతకాలి.

వెతికే పద్ధతి కష్టమేమీ కాదు. డయల్, వెనక మూత, మూత తీసిన మెషిన్, మూడింటి ఫొటోలు అడగండి. ఇవ్వనివాడి దగ్గర కొనకండి. అక్షరాల అంచులు వంకరగా ఉన్నా, నిమిషాల గీతలు గంటల గుర్తులకు సరిపోకపోయినా అది రంగే. పైలట్‌కు పేరు తెచ్చింది నల్ల డయల్, ఇంద్రధనస్సు రంగులు కనిపిస్తే సవాల్ వేయండి. సీకో అయితే వెనక సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకెను, రెండోది నెలను చెబుతుంది. అమ్మేవాడు చెప్పే కాలంతో పోల్చండి. అరబీ అంకెలున్న ప్రతిదీ నక్లీ అనుకోకండి. అరబీ అంకెల డయల్‌తో సీకో నిజంగానే ఘడీలు చేసింది. గల్ఫ్ బజారుకు వచ్చిన వాటిలో వారం పేర్లు ఇంగ్లీషుతో పాటు అరబీలోనూ ఉంటాయి. మీ నానా కువైట్ నుంచి తెచ్చిన ఘడీలో అది ఉంటే దాచుకోండి.

పైసలు నేరుగా ఎవరి నంబర్‌కో కొట్టకండి, వాపస్ షరతు రాసిన చోట కొనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. సర్వీసుకు ఎంతవుతుందో, పుర్జాలు దొరుకుతాయో లేదో ఘడీసాజ్‌ను కొనకముందే అడగండి. మీరే అమ్ముతుంటే, పైసలు రావడానికి పిన్ కొట్టమన్నవాడు దొంగ అని గుర్తుపెట్టుకోండి. పాత ఘడీల రబ్బరు రింగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి, వుజూకు ముందు తీసి జేబులో పెట్టుకోండి. ఇంకో ఖత్రా: 1960ల దాకా చీకట్లో మెరవడానికి కొన్ని కంపెనీలు నిజమైన రేడియం పూసేవి. మెరుపు పోయినా రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు. అంత పాత ఘడీని ఇంట్లో విప్పకండి, ఆ పొడి పిల్లల చేతికి తగలనీయకండి.

ధోకా జరిగాక నసీబ్ అని ఊరుకోవడం కూడా మనకు అలవాటైంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవాడు తాను ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. సలహాకు 1915 ఉంది. పైసలు కొట్టేసి మాయమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. నా భాంజా చేత 1915కి ఫిర్యాదు పెట్టించాను. నాలుగు వేలే గదా అని వదిలేస్తే, అట్లాంటి నాలుగు వేలు వంద ఇళ్ల నుంచి పోతాయి.

పాత ఘడీ ఇంట్లో ఉన్న ప్రతి కుటుంబానికీ నా దర్ఖాస్తు ఒకటే. బకెట్‌కు ఇవ్వకండి. ఘడీసాజ్‌కు చూపించండి. ఎవరు కొన్నారు, ఎప్పుడు కట్టారు, ఏ పెళ్లిలో ఎవరు ఎంత కర్జా చేసి ఇచ్చారు, ఒక చీటీ మీద రాసి ఘడీతో పాటు పెట్టండి. తీపైనా చేదైనా రాయండి. మీ మనవలకు అదే అస్లీ కాగితం.

అమ్మే భాయీలకు కూడా ఒక్క మాట. పెట్టుకోండి దుకాణం, తినండి ముఖ్యమైన హలాల్ రొట్టె. రంగేసిన ఘడీ ఫొటో కింద 'రీడయల్' అని నాలుగు అక్షరాలు రాయండి. రాస్తే గిరాకీ తగ్గుతుందని భయమా? అయితే మీరు ఇన్నాళ్లూ అమ్ముతున్నది ఘడీని కాదు, ఆ దాచిన నాలుగు అక్షరాలనే.