రంగులో ఎలుక ఉంది, చేప లేదు

చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తికీ మిరపకూ మందు కొట్టే రోజులివి. ఈ వారం నాగార్జునసాగర్ పిల్లకాల్వ గట్టున ఓ కుర్రాడు స్ప్రేయర్ ట్యాంకు కడగడం చూశాను. కడుగునీళ్లన్నీ కాల్వలోకే పోయాయి. ఇదేంటయ్యా అంటే, ‘డబ్బా మీద పసుపు రంగేనండీ, ఎరుపు కాదుగా’ అన్నాడు. అతణ్ని ఏమనగలం? ఆ రంగును నమ్మమన్నది ప్రభుత్వమే.

పురుగుమందు డబ్బా మీద, విషం తీవ్రతను బట్టి, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏ రంగు వేయాలో 1971 నాటి నిబంధనలు తేల్చాయి. ఎంత మోతాదు లోపలికి వెళితే ఎలుకల వంటి జంతువులు చస్తాయన్నదే దానికి ఆధారం. మనిషి ప్రాణానికి అది కొలబద్ద అయితే కావచ్చు. నీళ్లలో బతికే ప్రాణికి ఎలా అవుతుంది? చేపలకు ప్రమాదమన్న హెచ్చరిక లోపలి కాగితంలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చేలో నిలబడి ఆ కాగితం విప్పి చదివిన రైతు నాకింతవరకూ తారసపడలేదు.

చేప సంగతి ఎవరికీ తెలియక ఇలా జరిగిందనుకుంటే సరిపెట్టుకోవచ్చు. కానీ తెలియక కాదు. గుంటూరు దాటగానే ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయంలో, జంతుశాస్త్ర విభాగంలో ఆచార్య కె.ఎస్. తిలక్ ఏళ్ల తరబడి చేసిన పని చేప మీద మందు ప్రభావాన్ని కొలవడమే. కె. వీరయ్య వంటి సహపరిశోధకులతో కలిసి ఆయన మన పొలాల్లో కొట్టే మందుల్నే తీసుకున్నారు. ఫెన్‌వలరేట్, క్లోరిపైరిఫాస్. చేపలూ మనవే: బొచ్చె, శీలావతి, మట్టగిడస. తొట్లలో చేపపిల్లల్ని వదిలి, మందు కొలిచి కలిపి, 96 గంటల్లో సగం చేపలు చనిపోయే మోతాదు ఎంతో లెక్కగట్టారు. ఆ లెక్కతో ఆగిపోలేదు. మొప్పల్ని, కాలేయాన్ని పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కండరంలో గ్లైకోజెన్, మాంసకృత్తులు ఎంత తరిగాయో చూశారు. చావని చేప కూడా బాగున్నట్టు కాదని ఆ పరీక్షలు చెబుతాయి. నాకు ఆ పనిలో గొప్పగా కనిపించేది ఇదే. చచ్చి తేలిన చేప ఎవరి కంటికైనా కనబడుతుంది, లోలోపల చిక్కిపోతున్న చేప కనబడాలంటే ఇలాంటి ఓపిక కావాలి.

ఫెన్‌వలరేట్ పైరెత్రాయిడ్ జాతి మందు. మన ఒంట్లోనూ పశువుల ఒంట్లోనూ దాన్ని త్వరగా విరగ్గొట్టే ఎంజైములు ఉన్నాయి. చేపకు ఆ శక్తి చాలా తక్కువ. అందుకే లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాములుంటేనే దాని ప్రాణం పోతుంది. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలవ వంతు. ట్యాంకు కడిగిన నీళ్లలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఎలుక లెక్కలో పసుపు రంగు తెచ్చుకున్న మందు చేప లెక్కలో ఎరుపును దాటిపోతుంది.

ఈ జాతి మందులు మన పత్తిచేలోకి వచ్చింది 1980ల్లో. శనగపచ్చ పురుగు చస్తోందని ఒకదాని మీద ఒకటి కొట్టాం. పురుగును తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ పోయాయి. 1987-88లో తెల్లదోమ విరుచుకుపడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కాలం చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అయినా ఏ మందు ఎంత కొట్టాలో ఈనాటికీ మందుల షాపువాడే చెబుతున్నాడు. విశ్వవిద్యాలయం చెప్పడం లేదు. అక్కడి సిద్ధాంత గ్రంథాలు ఇంగ్లీషులో, గ్రంథాలయం బీరువాల్లో ఉంటాయి. వ్యాసాలు లెక్కపెట్టి పదోన్నతులిచ్చే పద్ధతిలో, రైతు చేతికి అందే ఒక్క తెలుగు కరపత్రానికి మార్కుల్లేవు. చేప లెక్క డబ్బా మీదికి రావాలి, రంగు గుర్తు పక్కనే, అంతే పెద్దగా, చేప బొమ్మతో. దీనికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు, నిబంధనలో ఒక వాక్యం చేరిస్తే చాలు.

చేపలకేం గానీ మన సంగతేమిటంటారా? చిలకలూరిపేట తాగే నీళ్లు సాగర్ కుడి కాల్వవే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2012లో పెట్టిన ప్రమాణంలో పురుగుమందుల, కలుపుమందుల పట్టిక ఒకటుంది. మొత్తం 18 పేర్లు. ఎప్పుడో నిషేధించిన ఆల్డ్రిన్ అందులో ఉంది, డీడీటీ ఉంది. క్లోరిపైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు ఉంది. ఫెన్‌వలరేట్ లేదు, అదే జాతి సైపర్‌మెత్రిన్ లేదు. పైరెత్రాయిడ్ ఒక్కటీ లేదు. పంచాయతీల్లో వాడే పరీక్ష పెట్టె అయితే ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరిన్ వంటివే చూస్తుంది, పురుగుమందు జోలికే పోదు. పైరెత్రాయిడ్లు మనిషికి చేసే హాని తక్కువేనన్న మాట ఒప్పుకుంటాను. తక్కువో కాదో ముందు కొలవాలి కదా. మా మునిసిపాలిటీ ఈ ఏడు మంచినీటి చెరువులు నింపేటప్పుడు ఆ నీళ్లను పైరెత్రాయిడ్ల పరీక్షకు కూడా పంపాలని, వచ్చిన అంకెల్ని ఆఫీసు గోడకు అంటించాలని అడుగుతున్నాను.