పలక సిద్ధమే, పాలకులు సిద్ధమా?

ఇంటర్నెట్ ట్యాబ్లెట్లు సామాన్యులకు పనికొచ్చే స్థాయికి వచ్చాయా అని చర్చిస్తున్నారు. వాళ్లు చెప్పే సామాన్యుడు మన వాడల్లో ఉన్నాడా?

2011 అక్టోబర్ 5న కేంద్రం 'ఆకాశ్' ట్యాబ్లెట్ విడుదల చేసింది. విద్యార్థుల కోసమని, ప్రపంచంలోకెల్లా చవకైనదని ఊదరగొట్టింది. బిగించింది మన హైదరాబాద్‌లోనే. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. గట్టిగా నొక్కితేగాని పలకని తెర, పూట నిలవని బ్యాటరీ. ఉన్నోడికి ఐప్యాడ్, లేనోడికి నాసిరకం! కొన్నేళ్లకే ఆ పథకమూ మూలపడింది.

2020 సెప్టెంబర్ 1న, కరోనా కాలంలో, తెలంగాణ సర్కారు బడి పిల్లలకు టీవీలో, నెట్‌లో పాఠాలు మొదలైనయి. పటాన్‌చెరు కంపెనీల్లో కాంట్రాక్టు కూలికి పోయే తండ్రి జేబులోనే ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోను. ఆయన షిఫ్టుకు పోతే పాఠమూ షిఫ్టుకు పోయినట్టే. సంగారెడ్డి పక్కన కందిలోనే ఐఐటీ ఉంది. మన పిల్లలు దాని గేటు దాటేదెట్లా?

యంత్రం నేడు సిద్ధంగానే ఉంది. సర్కారే సిద్ధంగా లేదు. గురుకులాల్లో, హాస్టళ్లలో ప్రతి బిడ్డకూ మంచి ట్యాబ్, నెట్, తెలుగు పాఠాలు, చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి. ఇది భిక్ష కాదు, హక్కు. వేదం వింటే చెవుల్లో సీసం పోయమన్న దేశమిది. నెట్ లేని పలక చేతికిచ్చి ఊరుకుంటే ఒప్పుకుందామా? నిలదీద్దాం, కొట్లాడి సాధిద్దాం!