తెలియదని చెప్పడానికి బిడియమెందుకు?

మదర్సాలో చదివిన వారికి ‘తక్రార్’ అంటే తెలుసు. ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని విద్యార్థులు తర్వాత ఒకచోట కూర్చుని ఒకరికొకరు మళ్లీ చెప్పుకోవడం. ఉస్తాద్ ముందు నోరు మెదపనివాడు కూడా అక్కడ “నాకు అర్థం కాలేదు భాయ్” అనేవాడు. ఉపాధ్యాయులమయ్యాక మేము ఆ మాటే మరిచిపోయాం.

2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ఉర్దూ మీడియం ఉపాధ్యాయులం కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. చాలాకాలం అందులో జుమా ముబారక్‌లు, సర్క్యులర్లే. ఒకరోజు ఓ యువ ఉపాధ్యాయురాలు అడిగారు: “నసబ్ నుమా (హారం) నిర్వచనం అప్పజెబుతున్నారు. అయినా నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కాబట్టి 1/4 కన్నా 1/8 పెద్దదంటున్నారు. ఎలా చెప్పాలి?”

మేము ఏళ్ల తరబడి దాటవేసిన ప్రశ్న అది! కాసేపటికే ఒకరు రెండు రొట్టెల ఫోటో పంపారు. ఒకటి నాలుగు ముక్కలు, మరొకటి ఎనిమిది. ఇంకొకరు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో ‘దీక్షా’లో వెతకమన్నారు. ఆ రోజు మా తక్రార్ మళ్లీ మొదలైంది.

ఇమాం మాలిక్ అంతటి పండితుడే ఎన్నో ప్రశ్నలకు ‘లా అద్రీ’ (నాకు తెలియదు) అన్నారని చెబుతారు. మరి మనకు బిడియమెందుకు? అయితే ఫోనులో వచ్చిందల్లా నిజం కాదు. పుస్తకంతో సరిచూసుకున్నాకే తరగతిలో చెప్పాలి. పిల్లల ఫోటోలు, మార్కులు గ్రూపుల్లో పెట్టరాదు.

తల్లిదండ్రులకూ ఓ మనవి. ఉపాధ్యాయుడు “కనుక్కుని రేపు చెబుతాను” అంటే చిన్నచూపు చూడకండి. మేము దాచుకున్న అజ్ఞానానికి మూల్యం చెల్లించేది మీ పిల్లలే.