దారి అందరిదీనా?

ప్రయాణ నవలలను గురించి మన సాహిత్య మిత్రులలో రెండు వాదాలు వినిపిస్తున్నవి. ఒకరంటారు: "రహదారి అందరిదీ. దాని మీద సాగే కథలో వర్గభేదం యేముంది? స్వేచ్ఛ కోసం తహతహ మానవ సహజం." మరొకరంటారు: "ఇదంతా పలాయనవాదం. కుళ్ళిన బూర్జువా సంస్కృతి. చదవవద్దు." నేనీ రెంటినీ ఖండిస్తున్నాను. మొదటిది అబద్ధం. రెండవది సోమరితనం.

అమెరికా నవలనే తీసుకుందాం. యీ తరహా కథలకు జెండా యెత్తింది అక్కడే. జాక్ కెరువాక్ 'ఆన్ ది రోడ్' 1957లో అచ్చయింది. వుద్యోగం, ఇల్లు, వాయిదాల మీద కారు - ఇంతే జీవితమని యుద్ధానంతరపు అమెరికా తన యువకులకు నూరిపోస్తున్న రోజులవి. ఆ వూపిరాడని గది తలుపు తన్ని బయటపడ్డ కుర్రవాళ్ళ కథ అది. కెరువాక్ కోటీశ్వరుడి బిడ్డ కాదు. లోవెల్ అనే మిల్లు పట్నంలో అచ్చుపని చేసే తండ్రికి పుట్టినవాడు. ఆయన అసంతృప్తి నిజమైనది. ఇరవై యేళ్ళ వయసులో నేనా పుస్తకాన్ని రెండు రాత్రుల్లో పూర్తిచేసి, మూడవ రోజు రైలు స్టేషనుకు పోయి, యెటు పోతుందో తెలియని బండి కేసి చూస్తూ నిలబడ్డాను. ఆ ఆకర్షణను యెగతాళి చేసే విమర్శకుడు యువకులను యెరగడు.

అయితే, ఆ నవలను గురించి క్లాసులో చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగింది. పాలమూరు నుంచి యేటా పనికోసం వలసపోయే కుటుంబం వాళ్ళది. నవలలో కథ చెప్పే సాల్, కాలిఫోర్నియాలో టెర్రీ అనే మెక్సికన్ కూలీ పిల్లను ప్రేమిస్తాడు. శాన్ వాకీన్ లోయలో, గుడారంలో కాపురం పెట్టి, ఆమెతో కలిసి పత్తి తీస్తాడు. రోజంతా వొళ్ళు వంచితే గిట్టేది డాలరున్నర. కొద్దిరోజులకే అతనికి ఇల్లు గుర్తుకొస్తుంది. తూర్పున వున్న అత్తకు ఒక కార్డుముక్క రాసి, మరో 50 డాలర్లు పంపమంటాడు. వెళ్ళిపోతాడు.

"సార్, ఆ అమ్మాయి యేమైంది?" అని అడిగిందా పిల్ల.

నా దగ్గర జవాబు లేదు. అంతకంటె సిగ్గుచేటు - అన్నిసార్లు చదివినా ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. ఒక్క కార్డుతో వచ్చిన 50 డాలర్లు, ఆ చేలో నెల దాటిన కూలి అని నేను లెక్క వేయలేదు. ఆ పిల్ల వేసింది. నేను సాల్ పక్కన కూర్చుని చదివాను. ఆమె చేలో నిలబడి చదివింది. పుస్తకం ఒకటే. పాఠకులు ఒకటి కారు.

అదే లోయకు అంతకు ముందే మరో నవల వచ్చింది. స్టైన్‌బెక్ 'గ్రేప్స్ ఆఫ్ రాత్' 1939 నాటిది. దుమ్ము తుఫానులు, బ్యాంకులు కలిసి వెళ్ళగొట్టిన ఓక్లహోమా రైతు కుటుంబం, పాత హడ్సన్ కారును లారీగా మార్చుకుని 66వ నంబరు రహదారి పడుతుంది. తాత, నాయనమ్మ దారిలోనే పోతారు. చివరకు వాళ్ళూ పత్తే తీస్తారు. వారికి దారి స్వేచ్ఛ కాదు, బేదఖలు. ఆ లోయలోని కెర్న్ కౌంటీ పాలకులు 1939లోనే ఆ పుస్తకాన్ని తమ గ్రంథాలయాలలో, బడులలో నిషేధించారు. భూస్వాములు కూడా పాఠకులే. వారికి అర్థం కావలసింది అర్థమైంది!

ఇక నల్లజాతివారి సంగతి? హార్లెంలో తపాలా వుద్యోగి విక్టర్ గ్రీన్ 1936లో ఒక పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. యే వూళ్ళో యే హోటలు నల్లవారిని రానిస్తుందో, యెక్కడ పెట్రోలు పోస్తారో చెప్పే జాబితా అది. 1960ల దాకా దాని అవసరం తీరలేదు. సాల్ చేయి చాచి కార్లు ఆపుకున్న 1947లో, యీ జాబితా లేకుండా గడప దాటడానికి జంకిన ప్రజలు అదే దేశంలో వున్నారు. రహదారి అందరిదీ అనే మిత్రులు దీనికేమంటారు?

స్టైన్‌బెక్‌ను నేను దేవుణ్ణి చేయటం లేదు. ఆ పొలాలలో చాకిరీ చేసిన మెక్సికన్లు, ఫిలిప్పినోలు ఆయన కథలో కూడా దాదాపు కనిపించరు. టెర్రీ కథ చెప్పటానికి ఆమె మనుషులలోంచే ఒకడు రావలసివచ్చింది. వలస కూలీల కుటుంబంలో పుట్టిన టిమ్ హెర్నాండెజ్, టెర్రీ పాత్రకు మూలమైన స్త్రీని వెదికి పట్టుకున్నాడు. ఆమె అదే లోయలో, తొంభై యేళ్ళ వయసులో వుంది. తానొక ప్రసిద్ధ నవలలో వున్నానని ఆమెకు తెలియదు! కెరువాక్ టైపు చేసిన కాగితపు చుట్ట 2001లో వేలంలో 24 లక్షల డాలర్లకు పైగా పలికింది. హెర్నాండెజ్ నవల 2013లో వచ్చింది.

కనుక వుపాధ్యాయ మిత్రులారా, 'ఆన్ ది రోడ్'ను నిషేధించకండి. మొక్కకండి. ఈ మూడు నవలలనూ ఒకే బల్ల మీద పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: తిరిగిపోవడానికి ఇల్లు వున్నది యెవరికి? దారిలో వదిలివేయబడ్డది యెవరు? విద్యార్థులారా, మీరు కూడా దారి పట్టండి; నేనడ్డు రాను. కాని, సాల్ ఆ పత్తిచేను దాటి వెళ్ళేచోట పుస్తకం ఒక్క క్షణం మూసి, చేలో మిగిలినవారెందరో లెక్కపెట్టండి. నాకా లెక్క నేర్పింది విమర్శ గ్రంథం కాదు, క్లాసులో కూర్చున్న ఒక కూలీబిడ్డ.