మదురై కథకు పల్నాటి పేరు

1994లో కృష్ణంరాజు నటించిన ‘పల్నాటి పౌరుషం’ వచ్చింది. అన్నాచెల్లెళ్ల ప్రేమ, మధ్యలో రెండిళ్ల పంతాలు, బోలెడు కన్నీళ్లు. ఆ కథ పుట్టింది మాత్రం పల్నాట్లో కాదు. అంతకు ముందు ఏడాది భారతీరాజా తమిళంలో తీసిన ‘కిళక్కు చీమయిలే’ అది. మళ్లీ 2013లో విశాల్ ‘పాండియ నాడు’ తెలుగులోకి డబ్బింగ్ అయినప్పుడు దానికి పెట్టిన పేరు ‘పల్నాడు’. కథ మదురైలో జరుగుతుంది. హీరో అక్కడివాడు, రౌడీ అక్కడివాడు, వీధులూ అక్కడివే. పోస్టరు మీద పేరొక్కటే మాచర్ల బస్సెక్కింది.

ఇందులో డబ్బింగ్ నిర్మాతను తప్పుపట్టడానికేమీ లేదు. పాండ్యనాడుకు దగ్గరగా పలికే పేరు ఆయనకు కావాలి, పల్నాడు కనిపించింది. కానీ అంత సులువుగా కనిపించడం వెనక చాలా ఏళ్ల అలవాటు ఉంది. 1984లో ‘పల్నాటి పులి’, 1985లో ‘పల్నాటి సింహం’, 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఆగస్టు కల్లా ‘మాచర్ల నియోజకవర్గం’ థియేటర్లలో ఉంది. అడవిలో ఉన్న జంతువులన్నీ అయిపోయాయి కాబట్టి ఇక ఎన్నికల మీద పడ్డారనుకోవాలి.

‘పల్నాటి బ్రహ్మనాయుడు’లో బాలకృష్ణ తొడగొడితే రైలు వెనక్కి వెళుతుంది. ఆ ముక్క ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కుర్రాళ్లు నవ్వుకుంటున్నారు, నవ్వుకోనివ్వండి. రైలుతో మాకు పేచీ లేదు. పన్నెండో శతాబ్దంలో అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని జనం ఈనాటికీ చెప్పుకునే మంత్రి పేరు తెచ్చి ఆ తొడకు తగిలించారే, పేచీ అంతా దానితోనే.

ఆ మంత్రి కథను 1940లలో తలకెత్తుకున్న దర్శకుడు తొడలు చరిపించే బాపతు కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ తీశారు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, అంటరానితనం మీద సూటిగా దెబ్బ. 1939లో ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందార్లు కన్నెర్ర చేశారు, సినిమా నిషేధం పాలైంది. అలాంటి మనిషి తర్వాత ‘పల్నాటి యుద్ధం’ పట్టుకున్నారు. అది పూర్తికాకుండానే 1946లో కన్నుమూశారు. మిగిలిన పని ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు, 1947లో విడుదలైంది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, ఇంకా పాతికేళ్లు నిండని అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు, ఎస్. వరలక్ష్మి మాంచాల.

‘మాలపిల్ల’ తీసిన ఆయనకు ఎనిమిది వందల ఏళ్ల నాటి దాయాదుల పోరుతో ఏం పని? మా ఊహ ఇది: ఆయన చూపు పడింది కత్తుల మీద కాదు, కన్నమదాసు మీద. మాలవాడైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకులా చేరదీసి సేనానిని చేశాడని కథ. ఆయన కొడుకు బాలచంద్రుడి వెంట తిరిగిన అన్నదమ్ముల వరసవాళ్లలో బ్రాహ్మడైన అనపోతు మొదలు చేతివృత్తులవాళ్ల దాకా ఉన్నారు. ఇంత కులం గొడవ, కులాన్ని దాటే గొడవ ఉన్న వీరగాథ తెలుగులో మరొకటి చెప్పండి చూద్దాం. కాటమరాజు కథకు దాని గొప్ప దానికుంది, బొబ్బిలి కథకు దాని రోషం దానికుంది. ఒకే బంతిలో భోజనం, చాపకూడు అన్న ముచ్చట మాత్రం ఆ పోరు జరిగిన కారంపూడిదే.

ఈ ఊహకు ఇంకో ఆసరా కూడా ఉంది. రామబ్రహ్మం కన్నా ముందు ‘మాలపల్లి’ నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ కూడా పల్నాటి కథ దగ్గరికే వచ్చి ‘నాయకురాలు’ నాటకం రాశారు. ఆయన పల్నాటిని పుస్తకాల్లో చూసినవాడు కాదు. 1921-22లో ఇక్కడి రైతులు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టం పొమ్మన్నప్పుడు ఆ పోరాటంలో దిగి జైలుకు వెళ్లినవాడు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తూటాలకు నేలకొరిగింది ఆ పోరాటంలోనే. ‘మాలపల్లి’ ఆయన, ‘మాలపిల్ల’ ఆయన ఒకరి తర్వాత ఒకరు ఇదే కథను వెతుక్కుంటూ రావడం కాకతాళీయం అంటే మేం నమ్మం. కులం సంగతి పట్టినవాళ్లకు పల్నాడు కథగా కనిపించింది. కలెక్షన్ల సంగతి పట్టినవాళ్లకు పోస్టరుగా కనిపించింది.

ఇక నాగమ్మ. జిట్టగామాలపాడు రైతు ఇంటి ఆడకూతురు గురజాల నలగామరాజుకు మంత్రిణి అయింది. ఆ రాజు దాయాది, మాచర్ల మలిదేవుడి పక్షాన నిలిచిన బ్రహ్మన్నను కోడిపందేనికి పిలిచింది, ఓడించింది, ఏడేళ్లు వలస పంపింది. గడువు తీరాక మాచర్ల తరఫున రాయబారానికి వచ్చిన అలరాజు విషప్రయోగంతో చనిపోయాడు, ఆపైన నాగులేటి ఒడ్డున యుద్ధం. తెలుగు సినిమాలో ఆడవాళ్ల మధ్య పోరు అంటే సాధారణంగా అత్తాకోడళ్లదో సవతులదో. ఈమెది రాజ్యం పోరు, ఎదుట ఉన్నది మగ మంత్రి. కన్నాంబ ఆ పాత్ర వేసినప్పుడే ఆమె పేరు ఆంధ్రదేశమంతా మోగుతోంది. 1966లో గుత్తా రామినీడు మళ్లీ ‘పల్నాటి యుద్ధం’ తీసినప్పుడు బ్రహ్మనాయుడుగా ఎన్టీ రామారావు, నాగమ్మగా భానుమతి. బాలచంద్రుడు హరనాథ్, మాంచాల జమున, సంగీతం సాలూరు రాజేశ్వరరావు. అప్పటికి భానుమతి నటి, గాయని, రచయిత్రి, దర్శకురాలు, సొంత స్టూడియో నడిపిన మనిషి. రామారావు ఎదుట నిలబడి కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడగల వాళ్లు పరిశ్రమలో ఎందరున్నారో లెక్కేస్తే ఆమె పేరు దగ్గరే వేలు ఆగుతుంది. నిర్మాతలకు ఆ మాత్రం తెలుసు: నాగమ్మ పాత్రకు అందగత్తె చాలదు.

అయినా రెండు సినిమాల్లోనూ కథ బ్రహ్మన్న పక్షమే. కావ్యమూ అంతే. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అందులోనూ నాయకురాలు నాగమ్మ కుట్రలకే పుట్టినట్టుంటుంది. గెలిచినవాళ్లు చరిత్ర రాస్తారంటారు. ఇక్కడ గెలిచినవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు, వీరులంతా నేలకూలారు. వాళ్లను కొలిచేవాళ్లే కథ చెప్పారు, కాబట్టి తప్పంతా నాగమ్మ ఖాతాలో పడింది. ఆమె వైపు నుంచి ఈ కథ తీసే సాహసం ఇంతవరకూ తెరమీద జరగలేదు. 1966 తర్వాత దాదాపు అరవై ఏళ్లుగా పేరు మోసిన నటీమణులకు రాసిన పాత్రలు తలచుకుంటే, నాగమ్మను వదిలేసుకోవడం ఎంత దుబారానో తెలుస్తుంది.

పల్నాడు సినిమాకు ఇచ్చిన మనుషుల సంగతి ఇంకా చిత్రం. పులి, సింహం అని ఊదరగొట్టిన పరిశ్రమకు ఈ నేల పంపింది ఎవరిని? గురజాలలో పుట్టిన ముక్కామల కృష్ణమూర్తిని. పెద్ద విగ్రహం, గంభీరమైన గొంతు, ‘నర్తనశాల’ విరాటరాజు. ‘మరదలు పెళ్లి’, ‘ఋష్యశృంగ’ సినిమాలకు దర్శకుడు కూడా. ఆ పక్కనే దాచేపల్లి నుంచి ధూళిపాళ సీతారామశాస్త్రి. నాటకాల్లో పద్యం పలికి పలికి నలిగిన నాలుక. సరిగ్గా 1966లోనే, ‘పల్నాటి యుద్ధం’ వచ్చిన ఏడాదే, ‘శ్రీకృష్ణపాండవీయం’లో ఆయన శకుని వేశారు. పాచికలు చేతిలో ఆడిస్తూ ఒక వంశాన్ని మట్టుపెట్టే మనిషి. పల్నాటి కథను ‘పల్నాటి భారతం’ అంటారు కదా, అక్కడ జూదం కోడిపందెం. పందెం కథ పుట్టిన నేల నుంచి వచ్చినవాడికి తెలుగు తెర పాచికలు ఇచ్చింది. ఆ తర్వాత ఎందరు శకునులు వచ్చినా ఆయన నవ్వుకు దగ్గరగా రాలేదు. చివరికి ధూళిపాళ సన్యాసం పుచ్చుకున్నారు, 2007లో వెళ్లిపోయారు.

సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో 1956లో పుట్టిన బ్రహ్మానందం సంగతి చెప్పనక్కర్లేదు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న లెక్చరరు 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో అరగుండుగా దొరికాడు. తర్వాత గిన్నిస్ పుస్తకం, 2009లో పద్మశ్రీ. ఇవాళ తెలుగు కుర్రాడికి కోపమొచ్చినా, విసుగొచ్చినా, పరీక్ష తప్పినా ఫోన్లో పంపేది ఆయన మొహమే. మాట అవసరం లేదు. తొడగొట్టే బ్రహ్మన్న ఒక బొమ్మ, కళ్లు తేలేసిన బ్రహ్మానందం ఇంకో బొమ్మ: రెండూ ఒకే ఫోన్లో పక్కపక్కన ఉంటాయి. ఆ రెండో మొహం పల్నాటిదని ఎంతమందికి తట్టిందో మాకు అనుమానమే. ఆయన పెన్సిలు పట్టి దేవుళ్ల బొమ్మలు గీసే ఓపికను చూస్తే మాత్రం, పౌరుషం అని పోస్టర్లు అరిచే గుణానికీ ఇక్కడి మనుషుల నైజానికీ ఉన్న దూరం కొంత అర్థమవుతుంది.

ఇటు నుంచి మాత్రం సినిమా మీద ప్రేమకు లోటేమీ లేదు. శివరాత్రికి నరసరావుపేట పక్కన కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిచూడండి. ఊళ్లకు ఊళ్లు చందాలు వేసుకుని ఆకాశమంత ప్రభలు కట్టుకొస్తాయి. కరెంటు దీపాల వెలుగులో తెల్లవార్లూ సినిమా పాటలు, వాటికి డాన్సులు. త్రికోటేశ్వరుడికి అలవాటైపోయి ఉంటుంది.

పల్నాటి కథను సినిమా కన్నా ముందు నడివీధిలో వినోదం చేసినవాళ్లున్నారు, ఇప్పటికీ ఉన్నారు. వినుకొండ వల్లభరాయడి పేర ఉన్న పదిహేనో శతాబ్దపు ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులిద్దరికీ పల్నాటి వీరుల కథాగానం ఎదురవుతుంది. అంటే అప్పటికే అది పల్నాడు దాటి రాజధానికి పాకిన పాపులర్ పాట. ఇటీవలి కాలంలో షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి ఊరూరా తిప్పారు. వీళ్లందరికీ మూలం వీరవిద్యావంతులు. పంబజోడు, తాళం, తిత్తి వంత పాడుతుంటే, చేతిలో కత్తితో రాత్రంతా కథ నడిపే దళిత గాయకులు. వాళ్లలో అలిశెట్టి గాలెయ్య అనే ఆయన పాడిన కథను జీన్ రోగెయిర్ అనే అమెరికన్ పండితుడు దగ్గర కూర్చుని రికార్డు చేసుకుని, ఇంగ్లీషు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చాడు. అలా పల్నాటి గాయకుడి కథ ఇంగ్లండులో అచ్చయింది. ఆ తర్వాత రెండేళ్లకు మన దగ్గర ‘పల్నాటి పులి’ వచ్చింది.

పంబ మోత మీద ఒక మాట. మన వీరగాథా చిత్రాల్లో యుద్ధం అనగానే వాద్యబృందం మొత్తం లేచి నిలబడుతుంది. విద్యావంతుల పాటలో యుద్ధం వచ్చేసరికి వాద్యాలు పెరగవు, పాడేవాడి ఊపిరి మారుతుంది. వచనంలోంచి పాటలోకి, పాటలోంచి కేకలోకి వెళ్లిపోతాడు, వినేవాళ్లలో కొందరికి పూనకం వస్తుంది. ఆ ఒడుపును తెరమీదికి తేగల సంగీత దర్శకుడు ముందు వాళ్ల పక్కన కొన్ని రాత్రులు కూర్చోవాలి. ఇప్పటి పాటల్లో జానపదానికి గిరాకీ బాగానే ఉంది. అయితే ఆ గిరాకీ నాలుగు నిమిషాల డాన్సు పాట దగ్గర ఆగిపోతోంది. రాత్రంతా సాగే కథను అడిగేవాడు లేడు.

అడిగేవాళ్లు లేకపోతే నేర్చుకునే పిల్లలూ ఉండరు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ పని నెత్తికెత్తుకోవాలి. మిగిలిన విద్యావంతుల పాఠాలన్నీ, ఒక్కొక్కరిదీ మొదటినుంచి చివరిదాకా, దృశ్యంతో సహా రికార్డు చేసి అందరికీ అందేలా పెట్టాలి. గాయకులకు పారితోషికం ఇవ్వాలి, శాలువా కప్పి పంపేయకూడదు. సినిమావాళ్లు కూడా ఇందులో చెయ్యి వేయవచ్చు. ఇన్ని సినిమాలకు ఉచితంగా పేరు వాడుకున్నారు, కొంత అద్దె బాకీ ఉంది.

కథ కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: అయిదు రోజులకు అయిదు పేర్లు, అంకాలు విభజించిన స్క్రీన్‌ప్లే సిద్ధంగా ఉన్నట్టే. కెమెరాలకు కోడిపోరు అంటే మోజు, అది నాలుగో రోజు. దర్శకులెవరైనా వచ్చేట్టయితే ఒక రోజు ముందే రండి. మందపోరు నాడే చాపకూడు.